ఆక్టేవియా ఆర్‌ఎస్సా, స్విఫ్టా? ట్రాకు కోసం పాత కారు

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది శ్రీకాకుళం. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. కార్లంటే చిన్నప్పటి నుంచి పిచ్చి. ఇన్నాళ్లూ కూడబెట్టింది నాలుగు లక్షలైంది. దానితో పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని, చెన్నై దగ్గరి రేసు ట్రాకును మామూలు వాళ్ల కోసం తెరిచే రోజుల్లో ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లి నడపాలని కోరిక. హైదరాబాదులో 2005 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ మూడున్నర లక్షలకు చూశాను. విశాఖలో ఒకరి దగ్గర పాత హోండా సిటీ వీటెక్ ఉంది, రెండు లక్షల ఎనభై వేలు చెబుతున్నారు. మా ఆఫీసులో ఒకాయన తన 2011 స్విఫ్ట్‌ను రెండు లక్షలకు ఇస్తానంటున్నారు, కానీ అది స్పోర్ట్స్ కారు కాదు కదా! ఏది తీసుకోమంటారు? కొన్నాక ఇక్కడే ఎక్కడైనా సాధన చేయవచ్చా? నాన్నగారికి ఇంకా చెప్పలేదు. మరొకటి, సైలెన్సర్ మార్పించాలా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సమాధానం: స్విఫ్ట్ తీసుకోండి.

ఈ మాట మీకు రుచించదని తెలుసు. మీరు పెట్టిన ఆ ఆశ్చర్యార్థకం ఇక్కడిదాకా వినిపించింది. అయితే మీకు కావలసిన కారు ఏమేం చేయాలో ఒకసారి చూడండి. శ్రీకాకుళం నుంచి తొమ్మిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం వెళ్లాలి. ట్రాకు మీద రోజంతా మీ చేతిలో నలగాలి. మళ్లీ అంత దూరం మిమ్మల్ని వెనక్కి తీసుకొచ్చి, సోమవారం పొద్దున డ్యూటీకి దింపాలి. నాలుగు లక్షల్లో ఇదంతా కావాలంటే హార్స్‌పవర్ లెక్క తరువాత చూసుకోవచ్చు. శనివారం సాయంత్రం ఏదైనా పార్టు పోతే సోమవారానికల్లా మన ఊళ్లో దొరుకుతుందా అన్నది ముందు తేల్చుకోవాలి. నేను కార్లను ఎంచేది ఆ ఒక్క ప్రశ్నతోనే.

విదేశీ వీడియోల్లో తక్కువ ధరకు దొరికే పాత స్పోర్ట్స్ కార్లంటూ మజ్దా ఎంఎక్స్-5, టొయోటా ఎంఆర్2, పోర్షా 944 వంటివి చూపిస్తారు. అక్కడివాళ్లకు అవి నిజంగానే అందుబాటులో ఉండేవి. ఎంఎక్స్-5 అయితే 1989 నుంచి ఇప్పటిదాకా పది లక్షలకు పైగా తయారైంది, కాబట్టి పార్టులకు కరువు లేదు. మన దేశంలో దాన్ని కంపెనీ ఎన్నడూ అమ్మలేదు. వాడిన కారును దిగుమతి చేసుకుందామంటే మూడేళ్లకు మించి పాతది కాకూడదని నిబంధన, ఆపైన సుంకం కారు ధరనే మించిపోతుంది. మన దగ్గరే తయారైన రెండు సీట్ల కారు శాన్ స్టార్మ్ ఒకటుండేది, 1.2 లీటర్ల రెనో ఇంజన్‌తో. ఇప్పుడది ఎవరి షెడ్డులోనైనా కనిపిస్తే జాగ్రత్తగా దాచుకోవలసిన వస్తువు. దాన్ని ట్రాకు మీద అరగదీయమని నేనైతే చెప్పను. కాబట్టి మనకు మిగిలేవి నాలుగు తలుపుల, అయిదు తలుపుల మామూలు కార్లే. వాటిలో తేలికైనదీ, బతికించుకోవడం సులువైనదీ ఏరుకోవాలి.

తేలికైనదని ఎందుకంటున్నానో బ్రేకుల దగ్గర తెలుస్తుంది. హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారును ఆపడం వేరు, ట్రాకు మీద 140లో ఉన్న కారును మలుపు ముందు అణచడం వేరు. వేగం పెరిగింది నలభైయే అయినా, బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే ఆ శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. పైగా ఊళ్లో గంటకోసారి చేసే ఆ పని ట్రాకు మీద ప్రతి చుట్టులోనూ మళ్లీ మళ్లీ చేయాలి. చెన్నై ట్రాకు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. ఒక విడతలో అరడజను చుట్లు తిరిగారంటే డిస్కులు చల్లారే సందే ఉండదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి రెండు చేతులకు రెండు కార్లు కట్టించుకుని వాటిని కదలనివ్వలేదని మన జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మీ కారు ముందు చక్రాల దగ్గర ఆ కండలు లేవు, అరచేతిలో పట్టే నాలుగు ప్యాడ్లు ఉన్నాయి.

బ్రేకు చేతులెత్తేయడం రెండు రకాలు. ఆ తేడా మీ పాదానికి తెలిసి ఉండాలి. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు వేగం తగ్గకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోయాయన్న మాట. పెడల్ మెత్తబడి నేలదాకా దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగి, గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరాయని అర్థం. రెండోది చాలా ప్రమాదం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ ప్రమాణం 140కి పడిపోతుంది. డాట్ 4కు అవే అంకెలు 230, 155. మన కోస్తా గాలిలోని తేమ సంగతి మీకు నేను చెప్పాలా? మూడు నాలుగేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాకు ఎక్కడమంటే తెలిసి తెలిసి చేసే తప్పు. వెళ్లే వారం ముందు పాతది పూర్తిగా దింపించి, కొత్త డబ్బా సీలు మీ ఎదుటే విప్పించి డాట్ 4 పోయించండి. డాట్ 5 అని రాసి ఉన్నది మాత్రం వద్దు. అది సిలికాన్ రకం, దీనితో కలవదు. ఎక్కువ వేడిని తట్టుకునే ప్యాడ్లు ముందు చక్రాలకు వేయించండి. మీ నాలుగు లక్షల్లో ఇంతకంటే బాగా ఖర్చయ్యే డబ్బు ఉండదు.

ఇప్పుడు మీ ఆక్టేవియా సంగతి. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 150 హార్స్‌పవర్. 2004లో అది మన రోడ్ల మీదికి వచ్చినప్పుడు అంత దూకుడున్న పెట్రోల్ కారు ఆ ధరలో మరొకటి లేదు. మీరు మనసు పారేసుకోవడంలో తప్పులేదు. కానీ అది దాదాపు 1,400 కిలోల బండి, స్విఫ్ట్ వెయ్యికి అటూఇటూ. పై రెండు పేరాల్లో చెప్పిన కష్టమంతా ఆ నాలుగు వందల కిలోలతో ఎక్కువవుతుంది. ఇరవై ఏళ్ల టర్బో కారులో రబ్బరు గొట్టాలు, ఇగ్నిషన్ కాయిళ్లు, వాటర్ పంపు, టర్బో సీళ్లు అన్నీ వయసుడిగినవే. టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ విప్పాల్సి వస్తుంది. అది చూసే మెకానిక్ మీకు విశాఖలో దొరకవచ్చు, పార్టు మాత్రం ఎక్కడి నుంచో రావాలి. అందాకా కారు షెడ్డులో జాకీల మీదే ఉంటుంది, మీరు బస్సులో డ్యూటీకి వెళ్తారు. మూడున్నర లక్షలు కారుకే పోతే చేతిలో మిగిలే యాభై వేలు దాని మొదటి మొరాయింపుకే చాలవు. అడ్వాన్సు ఇచ్చినట్టు రాయలేదు. ఇవ్వకండి.

హోండా సిటీ వీటెక్ విషయంలో నా మనసు కాస్త ఊగింది, ఒప్పుకుంటాను. 1.5 లీటర్లు, 106 హార్స్‌పవర్, తేలికైన ఒళ్లు. ముల్లు పైకి వెళ్లేకొద్దీ హుషారెక్కే ఇంజన్. మంచి స్థితిలో ఉన్నది దొరికితే స్విఫ్ట్ కంటే ఇదే ముద్దొస్తుంది. చిక్కు ఏమిటంటే ఆ మోడల్ 2003లో ఆగిపోయింది, మంచివి అభిమానుల చేతుల్లో ఉన్నాయి, వాళ్లు అమ్మరు. అమ్మకానికి వచ్చేవి చాలావరకు యువకులు చేతులు మార్చుకుంటూ ఇంజన్‌ను పిండేసినవి. బంపరు, హెడ్‌లైటు వంటి బాడీ పార్టుల కోసం ఊరూరా వెతకాలి. ట్రాకు మీద కారు ఎక్కడో ఒకచోట గీసుకోక మానదు. చూడాలనిపిస్తే చూడండి. కింద చెప్పిన పరీక్షల్లో ఒక్కదానిలో తప్పినా వెనక్కి తిరగండి.

స్విఫ్ట్ దగ్గరికి వద్దాం. 2010 నుంచి దానిలో వచ్చినది 1.2 లీటర్ల ఇంజన్, 85 హార్స్‌పవర్. టైమింగ్ బెల్టు బదులు చైను, కాబట్టి ఒక బెంగ తగ్గింది. అంతకుముందు 1.3 లీటర్ల ఇంజన్ వచ్చేది, మన దేశంలో ఎల్‌జీబీ ఫార్ములా 4 రేసుకార్లలో కూర్చోబెట్టింది దాన్నే. ఇది కొత్త సంప్రదాయం కూడా కాదు. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ మారుతి విడిభాగాలతో ఫార్ములా మారుతి అనే చిన్న రేసుకార్లు తయారుచేశారు. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ తొలి పాఠాలు నేర్చింది వాటి మీదే. కోయంబత్తూరు ట్రాకుకు కరి మోటార్ స్పీడ్‌వే అని కరివర్ధన్ పేరే పెట్టారు. మారుతిని చూసి పెదవి విరిచేవాళ్లు మీ స్నేహితుల్లో ఉంటే ఈ సంగతి చెప్పండి. ఇక పార్టులంటారా, ఏడు రోడ్ల కూడలి నుంచి బయలుదేరి మీరు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరేలోపు క్లచ్ ప్లేటు దగ్గర నుంచి వీల్ బేరింగ్ దాకా కొనుక్కోవచ్చు.

ఆఫీసాయన స్విఫ్ట్ బాగా లేకపోతే మారుతి ఎస్టీం, పాత బాలెనో వెతకండి. ఎస్టీం 900 కిలోలకు అటూఇటూ ఉండే కారు, మన సర్క్యూట్లలోనూ ర్యాలీల్లోనూ ఏళ్లపాటు పరుగెత్తింది. దాని ఇంజన్ కుటుంబానికే చెందిన 1.3 లీటర్ల ఇంజన్ జిప్సీలో చాలాకాలం కొనసాగింది కాబట్టి విడిభాగాలు ఇంకా అందుతున్నాయి. 1.6 బాలెనో మరింత సరదా, మరింత అరుదు. డీఎస్‌జీ అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్లున్న ఫోక్స్‌వాగన్ పోలో జీటీ ఎవరైనా చూపిస్తే దూరంగా ఉండండి. ఆ పొడి క్లచ్‌కు ట్రాకు వేడి సరిపడదు.

ఏ కారైనా సరే, కొనేముందు మధ్యాహ్నం వెలుగులో చూడండి. మన జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. భావనపాడు, కళింగపట్నం వైపు ఏళ్లపాటు తిరిగిన కారు పైన తళతళలాడుతున్నా కింద ఉప్పుగాలి తినేసి ఉండవచ్చు. జాకీ పెట్టే చోట్ల, తలుపుల కింది అంచుల్లో స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా పొడవండి. రేకు ఖంగుమనాలి. పొరలు రాలినా, మొన లోపలికి దిగినా ఆ బేరం వదిలేయండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో చెయ్యి పెట్టి చూడండి. సీటు బెల్టును ఆఖరిదాకా లాగండి. దుకాణదారు సీట్లు కడిగిస్తాడు, కార్పెట్ మార్పిస్తాడు, కానీ బెల్టు చుట్టలో లోపల ఉండే చివరి మూరను కడిగే ఓపిక ఎవరికీ ఉండదు. అక్కడ బురద చార ఉంటే అది వరదలో మునిగిన కారు. చెన్నైలో 2015 డిసెంబరులో, మన దగ్గర 2018 తిత్లీ తుపానులో, విజయవాడలో 2024 బుడమేరు వరదలో నీళ్లలో నిలబడ్డ కార్లు ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉన్నాయి.

తరువాత చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత విప్పి చూడండి. కూలెంట్ రంగు పోయి తుప్పునీళ్లలా ఉన్నా, పైన నూనె తెట్టె కట్టినా కొనవద్దు. బ్రేకు డిస్కు అంచు మీద గోరు పెట్టి లాగితే పెద్ద గట్టు తగిలితే డిస్కులు మార్చే ఖర్చు బేరంలో తగ్గించండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. ఆరేళ్లు దాటిన టైరుతో ట్రాకు ఎక్కవద్దు, గాడులు ఎంత లోతుగా ఉన్నా సరే. టింకరింగ్ చేసి పుట్టీ పెట్టిన డోరు నాకు పెద్ద అభ్యంతరం కాదు. గుద్దుకుని వంగిన ముందు ఛాసిస్ కొమ్ములను (ఇంజన్‌కు అటూఇటూ ఉండే ఉక్కు కమ్మీలను) తిరిగి నిలబెట్టిన కారు మాత్రం వద్దు.

కాగితాల సంగతి క్లుప్తంగా. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆపైన ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2011 స్విఫ్ట్‌కు 2026లో ఆ గడువు నిండుతుంది కాబట్టి ఆర్‌సీలో తేదీ చూసి, ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. తెలంగాణ కారైతే ఎన్‌వోసీ తెచ్చి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆక్టేవియా ధరలో మీరు దీన్ని లెక్క వేశారా? ఢిల్లీ నుంచి వచ్చే పాత పెట్రోల్ కార్ల చవక వెనుక కూడా ఈ లెక్కే దాగి ఉంటుంది. ఇంకొక మాట, మామూలు బీమా పాలసీలో రేసులకు, వేగ పరీక్షలకు వాడినప్పుడు జరిగిన నష్టం చెల్లదని రాసే ఉంటుంది. ట్రాకు మీద కారు గోడకు కొడితే ఆ ఖర్చు పూర్తిగా మీది. నుజ్జయినా గుండె ఆగని ధరలో కారు కొనమనడానికి ఇదీ ఒక కారణం.

డబ్బు పంచడం నేనైతే ఇలా చేస్తాను. కారుకు రెండు లక్షలు, దానిలోనూ బేరమాడి కొంత తగ్గించి. ప్యాడ్లు, ఆయిళ్లు, కూలెంట్, గొట్టాలు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, నాలుగు మంచి టైర్లు, వీల్ అలైన్‌మెంట్, ఒక మంచి హెల్మెట్ కలిపి ఒక లక్ష దాటకుండా చూడాలి. మిగిలిన లక్షలో సగం ట్రాకు ఫీజులకు, పెట్రోలుకు, బసకు. మిగతా సగం ముట్టుకోకూడదు, అది దారిలో కారు ఆగిపోతే లారీ మీద ఎక్కించి తెచ్చుకునే డబ్బు.

వీటన్నిటికంటే ముందు ఒక పని ఉంది. ఏ కారూ కొనకుండా ఒకసారి రైలెక్కండి. మనది హౌరా–చెన్నై ప్రధాన మార్గమే. చెన్నై, కోయంబత్తూరు ట్రాకుల్లో శిక్షణ శిబిరాలు జరుగుతుంటాయి, కారు వాళ్లదే. ఒకటి రెండు రోజులు నేర్చుకుని రండి. అప్పుడు కూడా కోరిక అలాగే ఉంటే కారు కొనండి. చాలామందికి రెండో రోజు మధ్యాహ్నానికి మెడ నొప్పి మొదలై, ఉత్సాహం సగమవుతుంది. కొద్దిమందికి మాత్రం రెట్టింపవుతుంది. ఎండ ముదరకముందు, ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయాక, జనవరి నుంచి మార్చి దాకా అనుకూలం. తరువాత కారులో వెళ్లినప్పుడు చెన్నై చేరేముందు మన పదహారో నంబరు హైవే మీదే చోళవరం వస్తుంది. 1990లో ఇప్పటి ట్రాకు తెరిచేదాకా మద్రాసు రేసులు అక్కడి యుద్ధకాలపు రన్‌వే మీద జరిగేవి. ఒక టీ తాగడానికి ఆగవచ్చు.

ఇక్కడ సాధన చేయవచ్చా అని అడిగారు. చేయకూడదు. ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కే ఘాట్ రోడ్డు, భీమిలి బీచ్ రోడ్డు, తెల్లవారుజామున ఖాళీగా కనిపించే హైవే, ఏదీ పనికిరాదు. ఘాట్ మలుపు అవతల ఆర్టీసీ బస్సు ఉందో, మేకల మంద ఉందో మీకు కనబడదు. బహిరంగ రోడ్డు మీద వేగ పరీక్షలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం కూడా. రోజూ డ్యూటీకి వెళ్లే దారిలో మీరు చేయగలిగిన సాధన ఒకటుంది. పెడల్‌ను కుదుపు లేకుండా తొక్కి, కుదుపు లేకుండా వదలడం. పక్క సీట్లో ఉన్నవాళ్లకు కారు ఎప్పుడు ఆగిందో తెలియనంత మెత్తగా. ట్రాకు మీద కారు మీ మాట వినేది ఆ పాదం వల్లే.

ట్రాకు రోజున ఇంజన్ ఆయిల్ పై గీత దాకా ఉండాలి, గీత దాటకూడదు. పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు పోయి పంపుకు అందకపోతే ఇంజన్ బేరింగులు క్షణాల్లో పోతాయి. టైర్లలో గాలి వేడికి అయిదారు పాయింట్లు పెరగడం మామూలే, ప్రతి విడత తరువాత కొలిచి తగ్గించుకోండి. చక్రాల బోల్టుల బిగువు కూడా అప్పుడే చూడండి. ఆఖరి చుట్టు బ్రేకు తొక్కకుండా నెమ్మదిగా తిరిగి రండి. వచ్చి నిలబెట్టాక హ్యాండ్‌బ్రేకు లాగవద్దు, వేడి మీద బ్రేకు అంటుకుంటుంది. గేరులో పెట్టి చక్రం కింద రాయి వేయండి. సాయంత్రం అలసిన ఒంటితో రాత్రికి రాత్రే తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దు. ఆ రాత్రి అక్కడే పడుకోండి.

నాన్నగారికి చెప్పండి, కొనకముందే. ఆయన అడిగే మొదటి ప్రశ్న ధర గురించే ఉంటుంది. రెండు లక్షల స్విఫ్ట్, అమ్మను అరసవల్లి తీసుకెళ్లడానికీ పనికొస్తుంది అని మీరు నిజాయితీగా చెప్పగలరు. ఆక్టేవియా విషయంలో ఆ మాట చెప్పడానికి మీకే నోరు రాదు. అయితే ట్రాకు సంగతి దాచి కారు సంగతి మాత్రమే చెప్పవద్దు.

సైలెన్సర్ మార్పించవద్దు. శబ్దం పెరుగుతుంది, వేగం పెరగదు. తయారీలో లేని మార్పులు చేస్తే ఆర్‌సీతోనూ ఫిట్‌నెస్‌తోనూ చిక్కు. ఆ డబ్బుతో రెండో జత ప్యాడ్లు కొని డిక్కీలో పెట్టుకోండి, చెన్నైలో మొదటి రోజు మధ్యాహ్నానికే అవసరం పడవచ్చు.